అర సెకను ఆట

ఎన్‌బీఏలో ఒక ఆట 48 నిమిషాలు. పేరున్న ఆటగాడు అందులో 36, 38 నిమిషాలు కోర్టులోనే ఉంటాడు. టికెట్ కొన్న ప్రేక్షకుడు వచ్చేది అతని కోసమే, టీవీవాళ్లు ప్రకటనల్లో చూపించేదీ అతణ్నే. 2013-14 సీజన్లో 82 ఆటలాడి 62 గెలిచి, లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచిన శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో మాత్రం సగటున అరగంట ఆడినవాడు ఒక్కడూ లేడు. అందరికన్నా ఎక్కువసేపు ఆడిన టోనీ పార్కర్ సగటు 29.4 నిమిషాలు. ఎన్‌బీఏ చరిత్రలో అంతకుముందు ఏ జట్టులోనూ ఇలా జరగలేదు. అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసింది కూడా పార్కరే. అవీ ఆటకు 16.7 మాత్రమే. ఆ ఏడాది ఎంవీపీగా, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైన ఓక్లహోమా సిటీ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ సగటు 32. అంటే స్పర్స్ పెద్ద దిక్కు కన్నా దాదాపు రెట్టింపు.

ప్లేఆఫ్స్ ముంగిట ఇలాంటి జట్టును చూసి నిపుణులు పెదవి విరవడం మామూలే. లీగ్ దశలో ఇవాళ ఒక ఊరు, రేపు ఇంకో ఊరు. ఎదుటి జట్టుకు మన ఆటను కూర్చుని చదివేంత తీరిక దొరకదు. ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల దాకా పోరాడాలి, నాలుగు గెలిచినవాడిదే సిరీస్. రెండో ఆటకల్లా మన ఎత్తులన్నీ వాళ్ల కోచ్ బోర్డు మీద ఉంటాయి. మూడో ఆటకు విరుగుడు తయారవుతుంది. అక్కడి నుంచి ఎత్తులు పారవు, ఒంటిచేత్తో పాయింట్లు రాబట్టే మొనగాడొకడు ఉండాలి, వాడు నలభై నిమిషాలు ఆడాలి అన్నది ఈ ఆటలో పాతుకుపోయిన నమ్మకం. మైఖేల్ జోర్డన్ ఆరు టైటిళ్లు ఆ నమ్మకానికి వేసిన పునాది చాలా గట్టిది. దాన్ని కొట్టిపారేయలేం.

అయినా ఆ ఏప్రిల్‌లో స్పర్స్ కోచ్ గ్రెగ్ పాపోవిచ్ ప్లేఆఫ్స్ కోసమని కొత్త అస్త్రమేదీ తీయలేదు. తీయాల్సిన అవసరం కూడా రాలేదు. ఆయన వ్యూహమంతా అప్పటికి ఆరు నెలలుగా అందరి కళ్లముందే నడుస్తోంది. నవంబరులో ఏ ప్రాధాన్యమూ లేని ఆటలో, పదో ఆటగాడి చేతికి బంతి వెళ్లినప్పుడు, నిర్ణయం తీసుకునే హక్కు అతనికే వదిలేయడం. ఆ వ్యూహం మొత్తం ఇదే. దాని విలువ మే, జూన్ నెలల్లో తెలిసింది.

పసుపు తాడు

ఈ కథను 2013 జూన్ 18 రాత్రి నుంచి మొదలుపెట్టాలి. మయామీలో ఫైనల్ ఆరో ఆట. సిరీస్‌లో స్పర్స్ 3-2తో ముందుంది. ఇంకా 28.2 సెకన్లు మిగిలి ఉన్నాయి, అయిదు పాయింట్ల ఆధిక్యం చేతిలో ఉంది. కప్పు ప్రదానం జరిగేటప్పుడు జనం కోర్టులోకి రాకుండా కట్టే పసుపు తాడును సిబ్బంది అప్పటికే బయటికి తెచ్చారు. మయామీ అభిమానులు కొందరు లేచి గేటు వైపు నడిచారు.

అంతకు క్షణం ముందే మను జినోబిలీ రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి పోగొట్టాడు. ఆ అరనిమిషంలో కవాయ్ లెనర్డ్ కూడా రెండింట్లో ఒకటి పోగొట్టాడు. లెబ్రాన్ జేమ్స్ ఒక మూడు పాయింట్ల షాటు వేశాడు. రెండోది తప్పితే క్రిస్ బాష్ రీబౌండ్ అందుకుని కార్నర్‌లోకి వెనక్కి అడుగులేస్తున్న రే అలెన్‌కు ఇచ్చాడు. 5.2 సెకన్లుండగా బంతి రింగులో పడింది, స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో మయామీ 103-100తో గెలిచింది. రెండు రోజుల తర్వాత ఏడో ఆటా గెలిచి కప్పు ఎత్తుకుంది.

బాష్ ఆ రీబౌండ్ అందుకున్నప్పుడు స్పర్స్ మూలస్తంభం టిమ్ డంకన్ బెంచి మీద ఉన్నాడు. మూడు పాయింట్ల షాట్లను అడ్డుకోవాలంటే చురుగ్గా కదిలేవాళ్లు కావాలని పాపోవిచ్ అతణ్ని బయట కూర్చోబెట్టాడు. ఆ నిర్ణయం మీద ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. నా మటుకు నాకు అది తప్పుగా తోచదు. అవసరమైంది మూడు పాయింట్లే అయినప్పుడు గీత దగ్గర కాపలా పెంచడమే సబబు. లెబ్రాన్ షాటు తప్పింది కూడా. బంతి ఎటు ఎగిరిపడుతుందో మాత్రం ఏ కోచ్ చేతిలోనూ ఉండదు.

ఆ రాత్రి జరిగిన మరో సంగతి నాకు ఇంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. గెలిస్తే సంబరాలు చేసుకోవడానికని మయామీలో ఒక ఇటాలియన్ రెస్టారెంటును జట్టు ముందే మాట్లాడిపెట్టుకుంది. ఓడిపోయాక కూడా అందరూ అక్కడికే రావాలని పాపోవిచ్ పట్టుబట్టాడు. తానే ముందుగా వెళ్లి బల్లలు సర్దించాడు. ఆటగాళ్లు వస్తుంటే ఒక్కొక్కరినీ పలకరించి పక్కన కూర్చున్నాడు. ఎవరినీ ఒంటరిగా గదికి పోయి కుమిలిపోనివ్వలేదు. ఆ శరదృతువులో శిక్షణ శిబిరం మొదలైనప్పుడు మాత్రం ఆ ఫైనల్ టేపులు తీసి జట్టుకు చూపించాడు. అన్నం పెట్టిన చేత్తోనే గాయాన్ని కెలికాడు. రెండూ చేయగలిగినవాడు కాబట్టే ఆ జట్టు చీలిపోలేదు.

డంకన్ చుట్టూ తిరిగిన జట్టు మారిందెలా

స్పర్స్ మొదటి నుంచీ ఇలా ఆడలేదు. 1997లో డంకన్ వచ్చాక పదేళ్ల పాటు వాళ్లది నిదానమైన ఆట. రింగుకు ఎడమవైపు డంకన్ వీపు పెట్టి నిలబడతాడు, బంతి అతనికిస్తారు, మిగతా నలుగురూ చూస్తూ ఉంటారు. అవతలి కొసన ఊపిరాడనివ్వని డిఫెన్స్. ఆ ఆటతోనే 1999, 2003, 2005, 2007లో నాలుగు కప్పులు వచ్చాయి. బాగా నడుస్తున్న బండిని ఎవరు ఆపి విప్పుతారు?

2011 ఆ అవసరం తెచ్చింది. 61 విజయాలతో పశ్చిమ విభాగంలో అగ్రస్థానం, తీరా తొలి రౌండ్లోనే ఎనిమిదో స్థానంలో ఉన్న మెంఫిస్ చేతిలో 4-2తో ఓటమి. డంకన్‌కు 35 ఏళ్లు నిండాయి. అతని మోకాళ్ల మీద ఆధారపడి జట్టును ఇంకెన్నాళ్లు నడపగలరు? బంతి పార్కర్ చేతికి మారింది. ఆట వేగం పెరిగింది. కార్నర్లలో షూటర్లు నిలబడ్డారు. మరుసటి ఏడాది లీగ్ దశ, ప్లేఆఫ్స్ కలిపి వరసగా 20 ఆటలు గెలిచి, పశ్చిమ ఫైనల్లో ఓక్లహోమా సిటీ మీద 2-0 ఆధిక్యం సాధించారు. తర్వాత వరసగా నాలుగు ఓడిపోయారు. ఆ పై ఏడాది జరిగింది పైన చెప్పుకున్నాం.

ఇలా మూడేళ్లు మూడు రకాల దెబ్బలు తిన్నాక చాలా జట్లు కోచ్‌ను మారుస్తాయి, లేదా ఉన్నవాళ్లను అమ్మి ఒక సూపర్‌స్టార్‌ను తెచ్చుకుంటాయి. స్పర్స్ రెండూ చేయలేదు. జనరల్ మేనేజర్ ఆర్.సి. బుఫర్డ్ దాదాపు అదే జట్టును ఉంచాడు. 2012లోనే డంకన్ ఏడాదికి 2 కోట్ల డాలర్లకు పైగా ఉన్న తన జీతాన్ని సగానికన్నా తగ్గించుకుని కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు. తక్కినవాళ్లను నిలుపుకోవడానికి ఆ డబ్బు పనికొచ్చింది. ఎన్నడూ నోరు విప్పి గొప్పలు చెప్పుకోని ఆ మనిషి చేసిన అతి పెద్ద పాస్ అదేనని నా అభిప్రాయం.

బంతి ఆగితే తప్పు

పాపోవిచ్ పెట్టిన నియమం చెప్పడానికి చాలా తేలిక. బంతి చేతికి వచ్చిన అర సెకనులో ఏం చేస్తావో తేల్చుకోవాలి. షాటు వేయి, లేదా పాస్ ఇవ్వు, లేదా రింగు వైపు దూసుకెళ్లు. ఏదీ చేయకుండా బంతి పట్టుకుని ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ నిలబడటం మాత్రం కుదరదు. చేతిలో మంచి షాటు ఉన్నా, పక్కవాడికి ఇంకా మేలైన షాటు ఉంటే ఇచ్చేయాలి.

ఇందులో కిటుకు ఏమిటంటే, డిఫెన్స్ చేసేవాడు ఎప్పుడూ బంతి కన్నా ఒక అడుగు వెనకే ఉంటాడు. ఎంత చురుకైనవాడైనా పాస్ కన్నా వేగంగా పరిగెత్తలేడు. మొదటి పాస్‌కు అతను ఒక అడుగు ఆలస్యం. కోలుకునే లోపల రెండో పాస్ వెళ్తే రెండడుగులు. మూడో పాస్‌కు అతను మనిషిని వదిలేసి గాలిని కాపలా కాస్తుంటాడు. బంతి ఒక్క సెకను ఎక్కడైనా ఆగిందంటే ఈ లాభమంతా పోతుంది, అయిదుగురు డిఫెండర్లూ వాళ్ల వాళ్ల చోట్లకు చేరిపోతారు. స్లాబు వేసేటప్పుడు కూలీల వరసలో కాంక్రీటు తట్ట చేతులు మారడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వరసలో ఒక్కడు తట్ట పట్టుకుని ఆలోచిస్తూ నిలబడితే పైన మేస్త్రీ పని ఆగిపోతుంది.

వాళ్ల పేరుపడ్డ ఎత్తు ఒకటి దగ్గర నుంచి చూద్దాం. దాన్ని హ్యామర్ అంటారు. జినోబిలీ కుడివైపు బంతితో బయల్దేరతాడు. ముందు ఎవరో స్క్రీన్ పెడతారు, అంటే డిఫెండర్‌కు అడ్డం నిలబడతారు, అతను దాన్ని ఆనుకుని రింగు పక్కగా కోర్టు చివరి గీత దాకా దూసుకుపోతాడు. ఎదుటి జట్టు పదికళ్లూ అతని మీదే. పొడుగాటి సెంటర్ రింగు కింద అడ్డం నిలబడతాడు. అక్కడికి అతని దారి మూసుకుపోయినట్టే. ఆ సమయంలో అటు ఎడమవైపు, ఎవరూ చూడని చోట, డానీ గ్రీన్ మూడు పాయింట్ల గీత వెంట తీరిగ్గా ఉన్నట్టు నిలబడి ఉంటాడు. అతని డిఫెండర్ చూపు జినోబిలీ మీద ఉంటుంది. అదే అదనుగా బోరిస్ డియావ్ వెనక నుంచి వచ్చి ఆ డిఫెండర్‌కు గోడలా అడ్డం నిలబడతాడు. గ్రీన్ నాలుగడుగులు జారుకుని కార్నర్‌లోకి చేరతాడు. జినోబిలీ గాల్లోకి లేచి, రింగు కింద నుంచి, చివరి గీత పొడవునా బంతిని ఆ మూలకు విసురుతాడు. విసిరేటప్పటికి గ్రీన్ ఇంకా అక్కడికి చేరనే లేదు. చేరతాడన్న నమ్మకంతో విసురుతాడు. బంతి, మనిషి ఒకేసారి మూలకు వస్తారు.

మూలే ఎందుకంటే, మూడు పాయింట్ల గీత మధ్యలో రింగుకు 7.24 మీటర్ల దూరంలో ఉంటే, కార్నర్‌లో 6.7 మీటర్లే. దూరం అర మీటరు తగ్గుతుంది, పాయింట్లు మూడే. ఆ సీజన్లో స్పర్స్ మూడు పాయింట్ల షాట్లలో 39.7 శాతం పడ్డాయి. ఆటకు 25.2 అసిస్టులు, అంటే నేరుగా పాయింట్లు తెచ్చిన పాసులు. రెండింట్లోనూ లీగ్‌లో ప్రథమ స్థానం వాళ్లదే. ఈ రెండు అంకెలూ నిజానికి ఒకటే సంగతి చెబుతున్నాయి. ఎవరూ మీద పడనప్పుడు వేసే షాటు ఎక్కువగా పడుతుంది, అలాంటి షాటు దొరకాలంటే ఎవరో ఒకరు తన షాటు వదులుకోవాలి.

అందరూ వద్దనుకున్నవాళ్లు

ఈ నియమం ఏ జట్టు గోడ మీదైనా రాసుకోవచ్చు. అది పాటించే మనుషులు దొరకడమే కష్టం. స్పర్స్ వాళ్లను ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చింది. జినోబిలీది అర్జెంటీనా. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1999 డ్రాఫ్ట్‌లో 57వ పేరు అతనిది, అంటే దాదాపు అట్టడుగు. పార్కర్ ఫ్రాన్స్ నుంచి వచ్చాడు, 28వ వాడు. గ్రీన్‌ను క్లీవ్‌లాండ్ వదిలేసింది, స్పర్స్ కూడా రెండుసార్లు తీసేసి మళ్లీ తెచ్చుకుంది. షార్లెట్ జట్టు 2012లో మధ్యలోనే తెగతెంపులు చేసుకుని పంపేసిన డియావ్, పార్కర్ చిన్ననాటి స్నేహితుడు. కొంచెం బొద్దుగా కనిపించే ఆ మనిషి కోర్టు మొత్తాన్ని కళ్లతో కొలిచి పాస్ ఇస్తుంటే చూడటం ఒక విందు. బ్రెజిల్ నుంచి టియాగో స్ప్లిటర్, ఇటలీ నుంచి మార్కో బెలినెల్లీ, కెనడా నుంచి కోరీ జోసెఫ్, ఆస్ట్రేలియా నుంచి ప్యాటీ మిల్స్, ఆరన్ బేన్స్. డంకన్ పుట్టి పెరిగింది కరీబియన్‌లోని వర్జిన్ ఐలాండ్స్‌లో. చిన్నప్పుడు ఈతగాడు కావాలనుకున్నాడు. 1989లో హ్యూగో తుపాను అక్కడి పెద్ద ఈతకొలను ధ్వంసం చేశాకే బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు.

పాపోవిచ్ అమెరికా వైమానిక దళ అకాడమీలో సోవియట్ వ్యవహారాలు చదువుకున్నవాడు. ప్రపంచంలో వేరే చోట్ల కూడా ఈ ఆట ఉందని, అక్కడి పిల్లలు చిన్నప్పటి నుంచే బంతిని కదిలించడం నేర్చుకుంటారని ముందే గమనించాడు. ఆటగాళ్లను కొనుక్కోవడంతో ఆయన ఆసక్తి ఆగిపోలేదు. 2014 ఫైనల్‌కు రెండు రోజుల ముందు, జూన్ 3న, ఎదుటి జట్టు వీడియో చూడటానికని అందరూ కూర్చున్నారు. పాపోవిచ్ మయామీ సంగతి ఎత్తకుండా ఎడ్డీ మాబో అనే మనిషి గురించి మాట్లాడాడు. ఆస్ట్రేలియాలో ఆదివాసులకు తమ నేల మీద హక్కు ఉందని కోర్టులో పోరాడి నిలబెట్టిన టోరెస్ జలసంధి ద్వీపవాసి ఆయన. ఆ రోజు మాబో దినం. ప్యాటీ మిల్స్ మూలాలు ఆ దీవుల్లోనే ఉన్నాయి. బెంచి మీద తువ్వాలు ఊపుతూ తోటివాళ్లను ఉత్సాహపరిచే మనిషిగా అంతవరకూ జనానికి తెలిసిన మిల్స్‌కు ఆ పొద్దు ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. పన్నెండు రోజుల తర్వాత, చివరి ఆటలో మయామీ నడ్డి విరిచింది అతని మూడు పాయింట్ల షాట్లే.

విశ్రాంతికి జరిమానా

నిమిషాల లెక్కకు మళ్లీ వద్దాం. పాపోవిచ్ తన సీనియర్లకు విశ్రాంతి ఇచ్చే పద్ధతి 2014లో కొత్తగా మొదలైంది కాదు. 2012 మార్చిలో ఒక ఆటకు డంకన్ ఎందుకు ఆడలేదో స్కోరు పట్టికలో కారణం రాయాల్సి వస్తే, అక్కడ 'ముసలివాడు' అని నమోదైంది. అదే ఏడాది నవంబరు 29న మయామీతో ఆట. దేశమంతా టీవీలో వస్తున్న ఆటకు ముందు డంకన్, పార్కర్, జినోబిలీ, గ్రీన్‌లను విమానం ఎక్కించి ఇంటికి పంపేశాడు. లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ మండిపడి స్పర్స్‌కు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశాడు. టికెట్ కొన్న ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే స్టెర్న్ కోపంలో న్యాయముంది. డంకన్ కోసం డబ్బు పెట్టిన కుటుంబానికి అతను కనపడలేదు, అది నష్టమే.

ఈ పద్ధతిని అందరూ ముసలి కాళ్లను కాపాడుకోవడంగానే చూశారు. నేను దానికి రెండో వైపు ఎక్కువ విలువ ఇస్తాను. ఆ రాత్రి నలుగురు పెద్దలు లేని స్పర్స్, అప్పటి చాంపియన్ మయామీని దాని సొంత గడ్డ మీద చివరి నిమిషం దాకా వణికించి 105-100తో మాత్రమే ఓడింది. పెద్దవాడు కూర్చున్న ప్రతి నిమిషమూ చిన్నవాడికి దక్కిన నిమిషం. ఓడినా గెలిచినా ఆ నిమిషాల్లో నిర్ణయాలు వాళ్లవే. 2014 జనవరిలో లెనర్డ్ చేతి ఎముక విరిగి 14 ఆటలకు దూరమయ్యాడు. గ్రీన్, స్ప్లిటర్ కూడా గాయాలతో కొన్నాళ్లు కూర్చున్నారు. జట్టు తడబడింది కానీ కూలబడలేదు. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటివారం దాకా వరసగా 19 ఆటలు గెలిచి లీగ్ దశలో ఫ్రాంచైజీ రికార్డు రాశారు.

ఆ పరుగును ఆపింది ఓక్లహోమా సిటీ. ఆ సీజన్లో స్పర్స్‌తో ఆడిన నాలుగు ఆటలూ అదే గెలిచింది. ప్లేఆఫ్స్‌కు ముందు విమర్శకులు వేలెత్తి చూపిన అసలు లోపం ఇదే. కుర్రతనం, ఎత్తు, వేగం ఉన్న జట్టు ఎదురైతే ఈ పాసులు పారవు అన్నారు.

విరుగుడుకు విరుగుడు

తొలి విరుగుడు వేసింది ఓక్లహోమా కాదు, ఎనిమిదో స్థానంలో వచ్చిన డాలస్. దాని కోచ్ రిక్ కార్లైల్ చాలా తెలివైన పని చేశాడు. స్పర్స్ పాసులకు ప్రాణం ఎక్కడుంది? ఒకణ్ని ఆపడానికి ఇద్దరు వెళ్లినప్పుడు మూడోవాడు ఖాళీగా దొరకడంలో ఉంది. అయితే ఇద్దరు వెళ్లడమే మానేద్దాం అన్నాడు. స్క్రీన్ పెడితే మనుషులు మారిపోవడం, షూటర్లను అంటిపెట్టుకుని వదలకపోవడం. పార్కర్ రింగు దాకా వస్తే రానీ, రెండు పాయింట్లు వేసుకోనీ, మూలకు పాస్ మాత్రం పోకూడదు. స్పర్స్ తడబడింది. మూడో ఆటలో విన్స్ కార్టర్ మూల నుంచి వేసిన ఆఖరి క్షణం షాటుతో డాలస్ 109-108తో గెలిచి సిరీస్‌లో 2-1 ముందంజ వేసింది. మళ్లీ తొలి రౌండ్‌లోనే ఇంటిముఖమా అని శాన్ ఆంటోనియో గుండె గుబేలుమంది.

స్పర్స్ ఇక్కడ తమ ఆట వదిలేయలేదు, అలాగని మొండిగా పాసులకే కట్టుబడిపోనూ లేదు. అర సెకను నియమంలో మూడు దారులున్నాయని ముందే చెప్పుకున్నాం. డాలస్ పాస్ దారి మూస్తే దూసుకెళ్లే దారి తెరుచుకుంది. పార్కర్ ఆ దారినే పట్టి ఏడో ఆటలో 32 పాయింట్లు చేశాడు. 119-96. పోర్ట్‌లాండ్‌తో తర్వాతి రౌండ్ అయిదు ఆటల్లోనే ముగిసింది, అక్కడ చెప్పుకోదగ్గ చిక్కు రాలేదు.

పశ్చిమ ఫైనల్లో ఎదురైంది అదే ఓక్లహోమా. వాళ్ల ఆటగాడు సెర్జ్ ఇబాకా గాయపడి లేనందువల్ల మొదటి రెండు ఆటలూ స్పర్స్ సునాయాసంగా గెలిచింది. ఇక ఈ ఏడాది రాడనుకున్న ఇబాకా మూడో ఆటకు వచ్చేశాడు. రింగు దగ్గరకు వచ్చిన ప్రతి షాటునూ తట్టి పారేస్తూ సిరీస్ 2-2 చేశాడు. 2012 కళ్లముందు కదిలింది. అయిదో ఆటకు పాపోవిచ్ స్ప్లిటర్‌ను ఆపి మ్యాట్ బోనర్‌తో ఆట మొదలుపెట్టాడు. బోనర్ పొడుగాటి మనిషి, దూరం నుంచి షాటు వేయగలడు, ప్లేఆఫ్స్‌లో ఎక్కువగా బెంచి మీదే ఉన్నాడు. అతను పాయింట్లు చేయాలని కాదు. అతను గీత దగ్గర నిలబడితే ఎదుటి పొడుగువాడొకడు రింగు వదిలి బయటికి రాక తప్పదు. రింగు దగ్గర చోటు ఖాళీ అయింది. 117-89తో గెలుపు.

ఆరో ఆటలో అసలు పరీక్ష వచ్చింది. చీలమండ నొప్పితో పార్కర్ రెండో సగానికి రాలేదు. ఓక్లహోమా సొంత మైదానం, డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్ ఇద్దరూ నిప్పులు కక్కుతున్నారు, స్పర్స్‌కు సారథి లేడు. మామూలు జట్టుకైతే అక్కడితో సరి. కోరీ జోసెఫ్ బంతి తీసుకొచ్చాడు, డియావ్ బెంచి నుంచి లేచి 26 పాయింట్లు చేశాడు, ఓవర్‌టైమ్‌లో 38 ఏళ్ల డంకన్ మిగతా పని పూర్తి చేశాడు. 112-107. నవంబరు నుంచి జోసెఫ్‌కు, డియావ్‌కు ఇచ్చిన నిమిషాలు ఆ రాత్రి వడ్డీతో తిరిగొచ్చాయి.

మయామీ మళ్లీ

ఫైనల్లో మళ్లీ మయామీయే. మొదటి ఆటలో స్పర్స్ స్టేడియంలో ఏసీలు పనిచేయక ఉక్కపోతలో లెబ్రాన్ కండరాలు పట్టేసి మోయాల్సి వచ్చింది. ఆ రాత్రి స్పర్స్ గెలిచినా, గెలుపు కన్నా ఏసీ గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. రెండో ఆట లెబ్రాన్ 35 పాయింట్లతో లాక్కున్నాడు. 1-1.

మయామీ డిఫెన్స్ తీరు డాలస్‌కు పూర్తిగా వ్యతిరేకం. బంతి పట్టినవాడి మీదికి ఇద్దరు విరుచుకుపడి ఊపిరి తిప్పుకోనివ్వరు. పాస్ తప్పుగా పడితే అటు కొసకు పరుగెత్తి డంక్ చేస్తారు. వరసగా రెండు కప్పులు తెచ్చిన పద్ధతి అది. అయితే ఇద్దరు బంతి మీదికి వెళ్తే మిగతా కోర్టులో నలుగురికి ముగ్గురే కాపలా. ఆ నలుగురి మధ్యలో నిలబడి, వచ్చిన బంతిని అర సెకనులో సరైన మూలకు పంపే మనిషి ఒకడు కావాలి. మూడో ఆటకు పాపోవిచ్ స్ప్లిటర్ స్థానంలో డియావ్‌ను పెట్టాడు. ఫైనల్ మొత్తంలో ఆయన చేసిన పెద్ద మార్పు ఇదొక్కటే.

ఆ మూడో ఆట మొదలయ్యేసరికి మన దగ్గర బుధవారం పొద్దున్న ఆరున్నర దాటింది. ఎన్‌బీఏ ఫైనల్స్ మనకెప్పుడూ కాఫీ వేళ ఆటలే. ఆ ఉదయం టీవీ ముందు కూర్చున్నవాళ్లు మొదటి క్వార్టర్‌లోనే స్పర్స్ 41 పాయింట్లు చేయడం చూశారు. సగం ఆట ముగిసేసరికి 71. మొదటి సగంలో వాళ్లు వేసిన షాట్లు 33, పడినవి 25. దాదాపు 76 శాతం. ఫైనల్స్ చరిత్రలో ఒక సగంలో ఏ జట్టూ అంత కచ్చితంగా వేయలేదు. ఎవరికో చేయి తిరిగిన రోజు కాదది. చూస్తే తెలుస్తుంది, ఆ షాట్లలో చాలా వాటిని అడ్డుకోవడానికి మనిషే దగ్గర లేడు. మయామీ ఇద్దరు ఇటు వస్తే బంతి అటు పోయింది, అటు తిరిగితే మూలకు పోయింది, మూలకు పరిగెత్తితే మళ్లీ రింగు కిందికి వచ్చింది.

ఆ ఆటలో 29 పాయింట్లతో ముందు నిలిచింది కవాయ్ లెనర్డ్. మొదటి రెండు ఆటల్లోనూ తొమ్మిదేసి పాయింట్లతో సరిపెట్టుకున్న 22 ఏళ్ల కుర్రాడు. మాట పెదవి దాటదు, చేతులు మాత్రం పళ్లేలంత. డంకన్, పార్కర్, జినోబిలీలను చూసి వెనక్కి తగ్గకు, నీ ఆట నువ్వాడు అని పాపోవిచ్ అతణ్ని ముందుకు తోశాడు. లెబ్రాన్‌ను కాపలా కాసే బరువు కూడా అతనిదే. నాలుగో ఆటలో డియావ్ 8 పాయింట్లు, 9 రీబౌండ్లు, 9 అసిస్టులతో మయామీని మయామీలోనే ఆడించాడు. 107-86. అంతకుముందు ఆ ప్లేఆఫ్స్‌లో మయామీ సొంత గడ్డ మీద ఒక్క ఆటా ఓడలేదు. ఇప్పుడు వరసగా రెండు, ఒకటి 19 పాయింట్లతో, ఒకటి 21 పాయింట్లతో.

అయిదో ఆటలో మయామీ 22-6తో దూకుడుగా మొదలెట్టింది. ఆ పదహారు పాయింట్ల లోటు చూసి స్పర్స్ ఆటగాళ్లలో ఒక్కడు కూడా తానే పూడ్చేస్తానని బంతి పట్టుకుని పరుగెత్తలేదు. అదే ఆట ఆడారు. మూడో క్వార్టర్‌లో మిల్స్ షాట్లు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. 104-87. అయిదు ఆటల్లో కలిపి 70 పాయింట్ల ఆధిక్యం ఫైనల్స్ చరిత్రలో రికార్డు. ఉత్తమ ఆటగాడిగా లెనర్డ్. ఈ ఆటలో ఎన్నో జట్లను ఇష్టపడ్డాను కానీ, ఆ మూడు ఆటల్లోని స్పర్స్‌ను చూసినంత ఆనందంగా మరే జట్టునూ చూడలేదు.

తర్వాత ఏమైంది

అదే ఆట మరుసటి ఏడాది స్పర్స్‌కు కప్పు తేలేదు. 2015లో తొలి రౌండ్ ఏడో ఆటలో, సెకను మిగిలుండగా క్రిస్ పాల్ ఒంటికాలి మీద వేసిన షాటుతో క్లిప్పర్స్ 111-109తో గెలిచింది. కానీ ఆట ఊరు దాటింది. పాపోవిచ్ కింద ఆడి రెండు కప్పులు గెలిచిన స్టీవ్ కెర్ 2014లో గోల్డెన్ స్టేట్ కోచ్ అయ్యాడు. అప్పటిదాకా లీగ్‌లో అందరికన్నా తక్కువ పాసులిచ్చే జట్టది. వచ్చీరాగానే ఆటకు 300 పాసులు లక్ష్యంగా పెట్టాడు. స్టెఫ్ కర్రీ లాంటి షూటర్ చేతిలో ఉండి కూడా బంతి కదలాల్సిందే అన్నాడు. మొదటి ఏడాదే 67 విజయాలు, కప్పు.

ఇంకో శిష్యుడి కథ వేరు. చాలా ఏళ్లు పాపోవిచ్‌కు సహాయకుడిగా ఉన్న మైక్ బుడెన్‌హోల్జర్ అట్లాంటాకు వెళ్లి ఆ ఆటనే నేర్పాడు. 2014-15లో ఆ జట్టు 60 ఆటలు గెలిచింది. జనవరి నెలలో ఆడిన 17 ఆటలూ గెలిస్తే, ఆ నెల ఉత్తమ ఆటగాడి అవార్డును లీగ్ అయిదుగురు ప్రధాన ఆటగాళ్లకూ కలిపి ఇచ్చింది. మేలో తూర్పు ఫైనల్లో లెబ్రాన్ ఉన్న క్లీవ్‌లాండ్ చేతిలో 4-0తో ఓడిపోయారు. గాయాలు దెబ్బతీసిన మాట నిజమే, షూటర్ కైల్ కోర్వర్ చీలమండ సిరీస్ మధ్యలోనే దెబ్బతింది. అయినా ఆ నాలుగు ఆటలు చూసినవాళ్లకు ఒకటి తెలుస్తుంది. అట్లాంటాకు పాసులొచ్చు, బంతిని వదులుకోవడమూ వచ్చు. లెబ్రాన్ ఎదురుగా నిలబెట్టడానికి లెనర్డ్ లేడు. ఆట ఎటూ కదలనప్పుడు, అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు, ఇంకేం చేయాలో తోచక బంతిని ఇచ్చేయడానికి రింగు పక్కన డంకనూ లేడు.